కీమో రోగికి జ్వరమా? డోలో పక్కన పెట్టండి, థర్మామీటరు తీయండి

మామూలు మనిషికి ఒళ్లు వెచ్చబడితే ఒక డోలో వేసి, మిరియాల చారుతో నాలుగు ముద్దలు తినిపించి, పొద్దున చూద్దాంలే అనుకుంటాం. కీమో నడుస్తున్న మనిషి దగ్గర ఆ ‘పొద్దున చూద్దాంలే’ పనికిరాదు. కౌంట్లు, అంటే రక్తంలో తెల్లకణాల సంఖ్య, పడిపోయిన రోజుల్లో రక్తంలోకి దిగిన బ్యాక్టీరియాకి లోపల అడ్డు చెప్పేవాళ్లుండరు. సాయంత్రం వెచ్చబడ్డ ఒళ్లు తెల్లవారేసరికి బీపీ పడిపోయి ఐసీయూ దాకా పోగలదు. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆలస్యం మాత్రం ఎక్కువగా ఇంట్లోనే జరుగుతుంది: నుదురు తాకి చూడటంలో, వెళ్దామా వద్దా అని తర్జనభర్జన పడటంలో, వీధి చివర ఆర్‌ఎంపీతో ఒక సూది వేయించి చూద్దామనుకోవడంలో. విజయవాడ, గుంటూరు, వాటి చుట్టుపక్కల ఊళ్లలో రోగిని ఇంట్లో చూసుకుంటున్నవాళ్లు ఆ ఆలస్యాన్ని ఎలా కోసేయాలో, ఆస్పత్రిలో ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో వరసగా చూద్దాం.

లోపల జరిగేది ఇదీ. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జనీ దెబ్బతీస్తుంది. మజ్జలో పుట్టే తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాని మింగి చంపే రకం, అవి తగ్గిపోతాయి. అదే సమయంలో నోటి నుంచి మలద్వారం దాకా ఉండే లోపలి పొర పుండుపడుతుంది. మన పేగుల్లో ఎప్పుడూ కాపురముండే ఈ-కోలి, క్లెబ్సియెల్లా లాంటి సూక్ష్మజీవులు ఆ పుండ్లలోంచి రక్తంలోకి జారుకుంటాయి. అంటే చాలాసార్లు ఇన్ఫెక్షన్ బయటి నుంచి రాదు, రోగి ఒంట్లోంచే వస్తుంది. కాబట్టి ఎవరు ఏం తినిపించారు, ఎవరు పలకరించడానికి వచ్చారు అని ఇంట్లో పంచాయితీ పెట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి: చీము పట్టాలన్నా, గొంతు ఎర్రబడాలన్నా, ఎక్స్‌రేలో మచ్చ కనబడాలన్నా న్యూట్రోఫిల్స్ ఉండాలి. అవి లేనప్పుడు దగ్గూ చీమూ ఏవీ కనబడకపోవచ్చు. జ్వరమొక్కటే గుర్తుగా మిగులుతుంది. ‘వేరే ఏ ఇబ్బందీ లేదండీ, కాస్త జ్వరం అంతే’ అనే మాట అందుకే మోసం చేస్తుంది.

కీమో ఎక్కిన రోజే చేయాల్సిన పనులు

క్యాలెండరులో కీమో ఎక్కిన తేదీ పక్కన 1 అని రాయండి. అక్కడి నుంచి లెక్కపెట్టి 7 నుంచి 14 దాకా ఎర్ర పెన్నుతో గీత గీయండి. చాలా కీమోల్లో కౌంట్లు అడుగంటేది ఆ రోజుల్లోనే. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులకి ఈ లెక్క సరిపోదు, వాళ్లకి తొలి విడత కీమో తర్వాత మూడు నాలుగు వారాల దాకా కౌంట్లు లేవకపోవచ్చు. మీ మందుకి ఏ రోజులు ప్రమాదమో డాక్టర్నే అడిగి రాయించుకోండి.

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, రిపోర్టు చదవడం నేర్చుకోండి, కష్టమేం కాదు. మొత్తం తెల్లకణాల సంఖ్యని న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగించాలి. కొన్ని ల్యాబుల్లో న్యూట్రోఫిల్స్‌ని పాలీమార్ఫ్స్ అని రాస్తారు, రెండూ ఒకటే. మొత్తం 1,800 ఉండి న్యూట్రోఫిల్స్ 22 శాతం ఉంటే 396 వస్తుంది. ఈ సంఖ్య 500 కన్నా తగ్గితే ప్రమాదం, 100 కన్నా తగ్గితే మరీ ప్రమాదం. 1,000 లోపుండి ఇంకా పడిపోతున్నా జాగ్రత్తపడాల్సిందే. చాలామంది మొత్తం అంకె చూసి ‘పద్దెనిమిది వందలు ఉన్నాయిగా’ అని ఊపిరి పీల్చుకుంటారు. చూడాల్సింది అది కాదు. ఇంకో మెలిక ఉంది. కౌంట్లు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొత్తలో అంకె ఒక్కసారిగా ఎగిరి మళ్లీ పడిపోవచ్చు. ఒక్క మంచి రిపోర్టు చూసి ఇంజెక్షన్లు మానేయకండి.

ఆ ఇంజెక్షన్ గురించి ఇక్కడే చెప్పుకుందాం. కీమో అయిన 24 గంటల లోపు వేయకూడదు. రోజూ వేసేది కొన్ని రోజులు వేస్తారు. పెగ్ అని పేరు మొదట్లో ఉండే రకం మాత్రం ఒక్క కీమోకి ఒక్కటే, పెద్దవాళ్లకి 6 మిల్లీగ్రాములు. రెంటినీ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టండి గానీ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే పారేయాల్సిందే. మే నెలలో మెడికల్ షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టించుకుని తెండి, కానీ మందు పెట్టె ఐస్‌కి నేరుగా ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ఇది వేశాక నడుము, తొడ ఎముకలు నొప్పి పెట్టడం మామూలే. ఆ నొప్పికి పారాసిటమాల్ వేసే ముందు ప్రతిసారీ జ్వరం చూసి, అంకె రాసి పెట్టి, అప్పుడే వేయండి.

తలుపు పక్కన ఒక సంచి సిద్ధంగా ఉండాలి. అందులో కీమో ఫైలు జిరాక్స్, ఆఖరి సీబీపీ, ఇంతకు ముందెప్పుడైనా బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో మొలిపించి చూసే పరీక్ష) చేసి ఉంటే ఆ రిపోర్టు, పడని మందుల పేర్లు, షుగరు, బీపీ, గుండె మందుల చీటీ, ఆధార్, రేషన్ కార్డు, ఇంకా అందరూ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు. ఒక జత బట్టలు, ఫోను ఛార్జరు, రెండు మాస్కులు. రాత్రి రెండింటికి బీరువాలో ఫైలు వెతుక్కోవడంలో పోయే ఇరవై నిమిషాలు ఈ సంచి వల్ల మిగులుతాయి.

డిశ్చార్జి రోజునే డాక్టర్ని మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి జ్వరమొస్తే ఏ నంబరుకి చేయాలి? మీ ఆస్పత్రి క్యాజువాల్టీలో రాత్రిపూట బ్లడ్ కల్చర్ తీస్తారా? మా ఊరు గంటకి మించి దూరం ఉంటే మధ్యలో ఎక్కడ తొలి డోసు వేయించుకోవాలి? ఈ మూడోది మాచర్ల, రేపల్లె, తిరువూరు, అవనిగడ్డ వైపు వాళ్లకి చాలా ముఖ్యం. ‘కీమో రోగి, జ్వరం వస్తే కల్చర్ తీసి ఫలానా యాంటీబయాటిక్ సిరలోకి వెంటనే వేయండి’ అని ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే, దగ్గర్లోని పెద్ద ఆస్పత్రిలో తొలి డోసు పడిపోతుంది, తర్వాత ప్రయాణం చేయొచ్చు. వీలుంటే ఎర్ర గీత ఉన్న వారం రోజులూ విజయవాడలోనో గుంటూరులోనో చుట్టాలింట్లో ఉండటం ఇంకా మేలు.

జ్వరం ఎలా చూడాలి

చేత్తో తాకి కాదు. డిజిటల్ థర్మామీటరు కొనండి, ఒక బ్యాటరీ అదనంగా ఉంచండి. నాలుక కింద పెట్టి, పెదాలు మూసి, బీప్ అనే దాకా ఆగాలి. కాఫీ గానీ చల్లటి మజ్జిగ గానీ తాగి ఉంటే ఇరవై నిమిషాలు ఆగి చూడండి. నోట్లో పుండ్ల వల్ల కుదరకపోతే చంకలో పెట్టొచ్చు, కానీ చంకలో అంకె నోటికన్నా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది. అక్కడ 99.5 చూపించినా నోటిది 100.4 అనుకుని కదలాలి. నుదుటికి చూపించే గన్‌లు ఎండలోంచి వచ్చినా, ఏసీలోంచి వచ్చినా తప్పు చెబుతాయి, వాటి మీద ఆధారపడొద్దు. మలద్వారంలో థర్మామీటరు, ఎనిమా, సపోజిటరీ (అక్కడ పెట్టే మాత్ర) ఏవీ వద్దు. అక్కడ గీరుకుంటే ఆ గీతలోంచే బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది.

ప్రమాదపు రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒంట్లో ఏ తేడా అనిపించినా మరోసారి చూసి, టైముతో సహా పుస్తకంలో రాయండి. గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండే. ఒక్కసారి 101 డిగ్రీలు చూపించినా బయల్దేరాలి. 100.4 చూపించి గంట తర్వాత కూడా తగ్గకపోతే బయల్దేరాలి. ఈ రెండోదాంట్లో గంట ఆగమన్నారు కదా అని ఖాళీగా కూర్చోకండి. ఆ గంటలో ఆటోకో కారుకో చెప్పి, ఆస్పత్రికి ఫోన్ చేసి, సంచి బయట పెట్టుకోండి. చాలా ఆస్పత్రులు 100.4 ఒక్కసారి వచ్చినా రమ్మంటాయి. మీ డాక్టర్ అలా చెబితే అదే పాటించండి.

థర్మామీటరు మామూలుగా చూపించినా బయల్దేరాల్సిన సందర్భాలున్నాయి. పళ్లు కొట్టుకునేంత వణుకు వస్తే అంకె కోసం ఆగొద్దు, జ్వరం వెనకాలే వస్తుంటుంది. ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకి, పెద్ద వయసువాళ్లకి రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వాళ్లలో 96.8 కన్నా చల్లబడటం, ఉన్నట్టుండి మగతగా ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఇవన్నీ జ్వరంతో సమానం. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పై అంకె 100 గానీ అంతకన్నా తక్కువ గానీ, ఊపిరి నిమిషానికి 22 సార్లు గానీ అంతకు మించి గానీ ఉంటే 108కి చేయండి.

అంకె దాటింది, ఇప్పుడేం చేయాలి

టైము రాయండి. ఆస్పత్రి నంబరుకి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి. బయల్దేరండి. నిజానికి పని ఇంతే. కానీ ఈ మూడింటి మధ్యలో దూరిపోయే తప్పులు నాలుగైదున్నాయి, వాటి గురించే ఎక్కువ చెప్పాలి.

డోలో వేసి చూడటం మొదటిది. జ్వరం దిగుతుంది, బ్యాక్టీరియా దిగదు. క్యాజువాల్టీలో డాక్టర్ చూసేసరికి 99 ఉంటుంది, ‘జ్వరం లేదుగా, ఓపీకి రండి’ అనే అవకాశం ఉంటుంది. అప్పటికే వేసి ఉంటే కంగారు పడకండి, ఎన్నింటికి వేశారో చెప్పండి చాలు.

రెండోది ఆర్‌ఎంపీ సూది. పల్లెల్లో జ్వరం అనగానే డైక్లోఫెనాక్ ఒకటి, డెక్సా ఒకటి, సెఫ్ట్రియాక్సోన్ ఒకటి కలిపి ఇవ్వడం అలవాటు. డైక్లో కండలోకి ఇస్తే, ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి అక్కడ లోపల నెత్తురు కారి గడ్డలా పేరుకోవచ్చు, కిడ్నీల మీదా భారం. డెక్సా జ్వరాన్ని కప్పేస్తుంది, ఉన్న కాస్త రోగనిరోధక శక్తినీ కిందకి లాగుతుంది. సెఫ్ట్రియాక్సోన్ మంచి మందే, కానీ కీమో రోగుల్ని గట్టిగా దెబ్బతీసే సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేయదు. పైగా కల్చర్ తీయకముందే వేయడం వల్ల ఆ తర్వాత కల్చర్‌లో ఏదీ మొలవకుండా పోవచ్చు. ఆయన మంచివాడే, రాత్రిపూట పిలిస్తే పలికేవాడే, కాదనడం లేదు. ఈ ఒక్క జ్వరానికి మాత్రం ఆయన దగ్గర వైద్యం లేదు. ఆయన బండి మీద మిమ్మల్ని మెయిన్ రోడ్డు దాకా దింపితే అదే పెద్ద సాయం.

మూడోది పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు. వద్దు. నాలుగోది పొద్దునే ఓపీ టోకెను తీసుకుందామనుకోవడం. ఓపీ కాదు, నేరుగా క్యాజువాల్టీకి. ఐదోది ఎక్కడికి వెళ్లాలో దారిలో తేల్చుకోవడం. కీమో ఎక్కిన ఆస్పత్రికే వెళ్లడం మంచిది, ఫైలు అక్కడే ఉంటుంది. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటరు ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, రెండు ఊళ్లలోనూ ప్రైవేటు క్యాన్సర్ ఆస్పత్రులున్నాయి. అయితే బీపీ పడిపోతున్నా, మనిషి మగతలో ఉన్నా, గుంటూరు నుంచి విజయవాడకి ముప్పై అయిదు కిలోమీటర్లు కాజ టోల్‌గేటు, కనకదుర్గ వారధి దాటుకుంటూ మీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలని పట్టుబట్టొద్దు. ఐసీయూ ఉన్న దగ్గర్లోని ఆస్పత్రిలో సెలైను, తొలి యాంటీబయాటిక్ పడనివ్వండి. సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడిపోయే అరగంట ఎంత విలువైందో ఆ రోజే తెలుస్తుంది.

క్యాజువాల్టీలో

కౌంటర్ దగ్గర ‘జ్వరమండీ’ అనకండి. వరసలో కూర్చోబెడతారు. ఇలా చెప్పండి: ‘కీమో అయి పది రోజులైంది, నోట్లో చూస్తే 101 ఉంది, కౌంట్లు పడిపోయి ఉండొచ్చు.’ ఈ ఒక్క వాక్యం విన్న డ్యూటీ డాక్టర్ లేచి వస్తారు. రోగికి మాస్కు పెట్టి, దగ్గుతున్నవాళ్లకి దూరంగా కూర్చోబెట్టండి. ఇద్దరు వెళ్తే ఒకరు కార్డు కౌంటర్ దగ్గర, ఒకరు రోగి దగ్గర ఉండండి. కాగితాల పని వైద్యాన్ని ఆపకూడదు.

మీరు చేరిన గంట లోపు తొలి యాంటీబయాటిక్ సిరలోకి వెళ్లాలి. ప్రపంచమంతా పెట్టుకున్న లక్ష్యం అదే. సీబీపీ రిపోర్టు వచ్చాక వేద్దాం, సీటీ అయ్యాక వేద్దాం అంటే మర్యాదగానే అడగండి: ‘కల్చర్ తీసేసి మందు మొదలుపెట్టొచ్చా సర్?’

కల్చర్ సంగతి కాస్త వివరంగా తెలుసుకోండి, ఎందుకంటే తర్వాత పది రోజుల వైద్యం దీని మీదే నడుస్తుంది. యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీయాలి. రెండు సెట్లు తీయాలి. పెద్దవాళ్లకి ఒక్కో సీసాలో 8 నుంచి 10 ఎంఎల్ రక్తం పడాలి. ఒక్కో సెట్‌కి రెండు సీసాలు. రక్తం తక్కువ తీస్తే అందులో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు, ఎందుకంటే ఒక్కో ఎంఎల్‌లో అవి చాలా కొద్దిగానే ఉంటాయి. ‘అసలే రక్తం లేదు, ఇంత తీస్తున్నారేంటి’ అని అడ్డుపడకండి. పిల్లలకి బరువుని బట్టి తక్కువ తీస్తారు. పిక్ లైనో (చేతి సిరలోంచి గుండె పక్కదాకా వేసే గొట్టం) కీమోపోర్టో (చర్మం కింద అమర్చే అలాంటి గొట్టం) ఉంటే ఒక సెట్ లైన్లోంచి, ఒక సెట్ చేతి సిరలోంచి, ఒకే సమయంలో, ఒకే కొలతలో తీసి, ఏది ఎక్కడిదో సీసా మీద రాయాలి. లైన్లోంచి తీసిన సీసాలో చేతిదానికన్నా రెండు గంటలు గానీ అంతకన్నా ముందు గానీ బ్యాక్టీరియా మొలిస్తే, ఇన్ఫెక్షన్ ఆ లైన్లోనే కూర్చుందని అర్థం. సీసాల మీద రాయడం మరిచిపోతే ఈ లెక్కంతా గంగలో కలుస్తుంది. చర్మాన్ని స్పిరిట్ లేదా క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, ఆరనిచ్చి గుచ్చాలి. ఆరకముందే గుచ్చితే చర్మం మీది సూక్ష్మజీవి సీసాలోకి వెళ్లి, లేని రోగం రిపోర్టులో కనబడుతుంది.

మొదట వేసే మందు సాధారణంగా పైపరాసిలిన్-టాజోబ్యాక్టమ్, సెఫిపైమ్, మెరోపెనెమ్ లాంటివాటిలో ఒకటి. ఇవన్నీ సూడోమొనాస్ మీద కూడా పనిచేసేవే. వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అందరికీ వేయరు. లైను దగ్గర ఎర్రగా ఉన్నప్పుడు, చర్మం ఇన్ఫెక్షన్, నిమోనియా, బీపీ పడిపోవడం లాంటి కారణం ఉంటేనే కలుపుతారు. మన దేశంలో ఈ-కోలి, క్లెబ్సియెల్లా లాంటివి మెరోపెనెమ్‌కి కూడా లొంగకుండా తయారవడం పెద్ద తలనొప్పి. పోయినసారి కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా వచ్చింది, దేనికి లొంగింది, ఈ మూడు నెలల్లో ఏ ఐసీయూలో ఉన్నారు, ఏ యాంటీబయాటిక్ వాడారు అన్నది డాక్టర్‌కి బంగారం లాంటి సమాచారం. సంచిలో పాత కల్చర్ రిపోర్టు పెట్టుకోమన్నది అందుకే.

బీపీ పడిపోతే కిలో బరువుకి 30 ఎంఎల్ లెక్కన తొలి మూడు గంటల్లో సెలైను ఎక్కిస్తారు. గుండె మీద ప్రభావం చూపే డాక్సోరుబిసిన్ లాంటి మందు వాడి ఉంటే, గుండె పంపింగ్ తక్కువని తెలిసి ఉంటే అప్పుడే చెప్పండి, చూసి ఎక్కిస్తారు. సెలైనుకి లేవకపోతే బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టి ఐసీయూకి మారుస్తారు.

కొందరిని మాత్రలిచ్చి ఇంటికి పంపడమూ ఉంటుంది. బీపీ బాగుండి, తాగుతూ తింటూ ఉండి, కౌంట్లు త్వరగా లేస్తాయనుకుంటే, ఇల్లు గంట లోపు దూరంలో ఉండి, ఇరవై నాలుగ్గంటలూ పక్కన మనిషి ఉంటే డాక్టర్ లెక్కగట్టి అలా పంపుతారు. ఆ లెక్క డాక్టర్ది, మనది కాదు.

వార్డులో ఉన్న రోజులు

జ్వరం వెంటనే దిగదు. గట్టి కణితి ఉన్నవాళ్లలో రెండు మూడు రోజులు, లుకేమియా, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వాళ్లలో ఐదు రోజుల దాకా పట్టొచ్చు. మనిషి తేటగా ఉండి, బీపీ నిలకడగా ఉంటే రెండో రోజు జ్వరం ఉందని మందు మార్చమని డాక్టర్ని ఒత్తిడి చేయకండి. నాలుగు నుంచి ఏడు రోజులు దాటినా దిగకపోతే ఫంగస్ వైపు చూస్తారు, ఛాతీ సీటీ తీస్తారు, ఫంగస్ మందు మొదలుపెడతారు.

కల్చర్‌లో ఏదైనా మొలిస్తే చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే మిషన్ చూపిస్తుంది. బ్యాక్టీరియా పేరు, ఏ మందుకి లొంగుతుందన్నది రావడానికి ఇంకో రోజో రెండ్రోజులో పడుతుంది. సీసాలని ఐదు రోజులు ఉంచుతారు. రిపోర్టులో మందు పేరు పక్కన ఎస్ అని ఉంటే లొంగుతుంది, ఆర్ అని ఉంటే లొంగదు. ఏమీ మొలవలేదని వస్తే ఇన్ఫెక్షన్ లేదని కాదు. ఇలా జ్వరంతో వచ్చినవాళ్లలో రక్తంలో బ్యాక్టీరియా దొరికేది 10 నుంచి 25 శాతం మందిలోనే. మిగతావాళ్లకీ మందు అవసరమే.

ఏది మొలిచిందన్నదాన్ని బట్టి లైను ఉంచాలా తీయాలా తేలుతుంది. స్టఫైలోకాకస్ ఆరియస్ వచ్చినా, క్యాండిడా అనే ఫంగస్ వచ్చినా లైను తీసేయడమే మేలు. కనీసం రెండు వారాల మందు పడుతుంది. మొదటిదానికి గుండె ఎకో, రెండోదానికి కంటి పరీక్ష అడుగుతారు. ‘జ్వరానికి గుండె పరీక్ష ఎందుకు, బిల్లు కోసమా’ అనుకోకండి, ఆ సూక్ష్మజీవులు అక్కడికి వెళ్లి గూడు కట్టుకుంటాయి. చర్మం మీద మామూలుగా ఉండే ఇంకో స్టఫైలోకాకస్ రకం ఒక్క సెట్‌లోనే వస్తే అది తీసేటప్పుడు కలిసిన మురికి కావచ్చు, రెండు సెట్లలోనూ వస్తే చాలావరకు నిజమైనదే. ఆ రకానికి లైను ఉంచి కూడా కొన్నిసార్లు వైద్యం చేస్తారు. చాలా డబ్బు పెట్టి వేయించిన లైనని తీయనివ్వకుండా పట్టుబట్టడం వల్ల మళ్లీ మళ్లీ జ్వరం తిరగబెడుతుంది.

అటెండెంటుగా మీ పని గ్లాసు అందించడం ఒక్కటే కాదు. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాయండి. అరవై కిలోల మనిషికి గంటకి ముప్పై ఎంఎల్ కన్నా తగ్గితే నర్సుకి చెప్పండి. రాత్రిళ్లు ఊపిరి, మాట తీరు గమనించండి. మంచం దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ, డాక్టర్‌తో సహా, చేతికి శానిటైజర్ రాసుకున్నారా లేదా చూడండి, లేకపోతే అడగండి. పరామర్శలకి మాత్రం ఫోను చాలు. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా గేటు దగ్గర తీసుకుని పంపేయండి, అలిగినవాళ్లు తర్వాత కలుస్తారు.

పిక్ లైను, పోర్టు

లైను అంటే గుండె పక్కదాకా వెళ్లే గొట్టం. దాని మూత దగ్గర మురికి తగిలితే అది నేరుగా రక్తంలోకే. వాడే ప్రతిసారీ మూతని ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. నర్సు హడావుడిలో ఒక్క తుడుపు తుడిచి సిరంజి పెట్టేస్తుంటే ఆపి చెప్పే హక్కు మీకుంది. 10 ఎంఎల్ కన్నా చిన్న సిరంజి వాడకూడదు, ఒత్తిడికి గొట్టం పగలొచ్చు. వాడని రోజుల్లో పిక్ లైనుకి వారానికోసారి, పోర్టుకి నెలకోసారి ఫ్లష్ చేయించాలి. పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ వారానికోసారి, గాజుగుడ్డ డ్రెస్సింగ్ రెండు రోజులకోసారి మారాలి. అయితే బెజవాడ ఎండల్లో చెమటకి అంచులు నాలుగో రోజుకే లేస్తాయి. లేచిన రోజే మార్పించండి, వారం నిండాలని చూడొద్దు. పైన ప్లాస్టరు అంటించి సరిపెట్టడం అసలే వద్దు. స్నానానికి ప్లాస్టిక్ కవరు చుట్టుకోండి. పిక్ లైను ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి. ఫ్లష్ చేసిన గంట లోపు చలి, వణుకు వచ్చిందంటే లైన్లో ఇన్ఫెక్షన్ ఉన్నట్టే అనుకుని వెళ్లండి.

ఇంట్లో

కీమో రోగికి పచ్చిదేదీ పెట్టకూడదని కఠినమైన పథ్యాలు చెబుతుంటారు. అలాంటి పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఆకలి చచ్చి బరువు తగ్గడం మాత్రం జరుగుతుంది. పథ్యం కన్నా శుభ్రత ముఖ్యం. వేడివేడి ఇడ్లీ, అప్పుడే వండిన అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, చేప, మాంసం పెట్టండి. తొక్క తీసే పళ్లు, అరటి, బత్తాయి, మీరే కడిగి ఒలిచి ఇవ్వండి. చద్దన్నం మాత్రం వద్దు. గది వేడిలో ఉండిపోయిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా ఇలాంటివాళ్లలో రక్తంలోకి కూడా పోగలదు. బండి మీద చెరుకు రసం, పానీపూరీ, పొద్దుటి నుంచి గిన్నెలో ఉన్న టిఫిన్ సెంటరు చట్నీ మానేయాలి. కొబ్బరి బోండాంలో నీళ్లు శుభ్రమైనవే, కొట్టే కత్తే కాదు. తాగే నీళ్లు సలసలా మరిగాక ఒక నిమిషం ఉంచి చల్లార్చండి. ఆవకాయకి ఇన్ఫెక్షన్ కన్నా నోటి పుండ్లతోనే పేచీ, పుండ్లు మానేదాకా జాడీ వైపు చూడొద్దు.

నోరే పెద్ద ద్వారం. వేపపుల్ల, టంగ్ క్లీనర్, పుల్లతో పళ్లు గుచ్చుకోవడం ఆపేయాలి. మెత్తటి బ్రష్షు వాడాలి. లీటరు కాచిన నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలపండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే మలద్వారం చీరుకుంటుంది. విరేచనం మెత్తగా అయ్యే సిరప్ డాక్టర్‌నడిగి ముందే మొదలుపెట్టండి. కూర్చుంటే అక్కడ నొప్పిగా ఉందని రోగి సిగ్గుపడి చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

జుట్టు రాలుతోందని గుండు చేయించే ముందు ఆగండి. క్షౌరశాల బ్లేడు గాటు పెడితే అదే దారి. ట్రిమ్మర్‌తో ఇంట్లోనే తీయండి. మొక్కు ఉంటే కౌంట్లు లేచాక తీర్చుకోవచ్చు, అలాగే కృష్ణలో స్నానాలూ. గుంటూరు మిర్చి యార్డు వైపు దుమ్ము, ఇల్లు పగలగొట్టే చోట దుమ్ము, చెమ్మ గోడల బూజు ఊపిరితిత్తుల్లోకి ఫంగస్‌ని తీసుకెళ్లగలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిలా నీళ్లు ఇంట్లోకి వస్తే, నీళ్లు తీశాక కూడా గోడలు ఆరి బూజు పోయేదాకా రోగిని వేరే ఇంట్లో ఉంచండి. పూలకుండీల్లో మట్టి కెలికే పని వేరేవాళ్లకి ఇవ్వండి. షుగరు ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ రోజుల్లో అది బాగా ఎక్కుతుంది, రోజూ చూడండి. ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. రోగికి ఏ టీకా ఎప్పుడో ఆంకాలజిస్టే చెప్పాలి, బతికున్న క్రిములతో చేసే టీకాలు పనికిరావు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు కల్చర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. సమ్మరీలో ‘సెప్సిస్’ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం) అని ఒక్క మాట రాసి ఊరుకుంటే సరిపోదు, బ్యాక్టీరియా పేరు, లొంగిన మందులు, ఎన్ని రోజులు వేశారు, లైను తీశారా అన్నవి ఉండాలి. ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి. తర్వాతి కీమోకి వెళ్లినప్పుడు బెడ్ మీద పడుకోకముందే దాన్ని డాక్టర్ చేతికివ్వండి. డోసు తగ్గించాలా, వారం ఆపాలా, పెగ్ ఇంజెక్షన్ కలపాలా అన్నది ఆ రోజే తేలాలి. క్యాలెండరులో మళ్లీ 1 వేసి, ఎర్ర గీత గీసుకుని, థర్మామీటరు బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి.